రెండో జెండాకి విప్పే ఇళ్లు

తుఫాను షెల్టర్ కప్పు మీద రెండో జెండా ఎగిరిందంటే దిబ్బ మీది ఇళ్లు విప్పెయ్యాలి. అది చర్ మోతీ లంక కట్టుబాటు. అసలు ఆ దిబ్బను సర్కారు పోయించింది మనుషుల కోసం కాదు, గొడ్ల కోసం. ఉప్పెన వచ్చే ముందు ఎదుటి గడ్డిలంకలో మేసే గేదెలన్నీ పాయ ఈది వచ్చి, ఎత్తున నిలబడి బతకాలని. కానీ మేఘనా నది ఏటా కాస్త కాస్త ఒడ్డు కోసుకుంటూ వచ్చి ఊరి దక్షిణపు వాడను మింగేసినప్పుడు, ఆ వాడ వాళ్లకి కాలు మోపడానికి మిగిలిన గట్టి నేల ఆ దిబ్బ ఒక్కటే. రేకులూ వెదురుబొంగులూ నెత్తిన పెట్టుకుని ఎక్కేశారు.

గేదెల కాపరి గొలాప్ మియా ఆనాడు దిబ్బ కింద నిలబడి అంతా చూశాడు. పోట్లాడతాడనుకున్నారు. పోట్లాడలేదు.

"ఉండండి, పాపం ఎక్కడికి పోతారు," అన్నాడు. "కానీ గాలి వచ్చే ముందు నా గొడ్లకి చోటు వదలాలి. అంతే నేను అడిగేది."

అప్పటినుంచీ అదే పద్ధతి. రెండో జెండాకి గోడల రేకులు, కప్పు రేకులు ఊడదీసి నేలకి పరిచి, వాటిమీద మట్టి బస్తాలు పేర్చి, మనుషులు షెల్టరుకి పోవాలి. ఖాళీ గుంజల మధ్య గేదెలు వచ్చి నిలబడతాయి. గాలి పోయాక అవి దిగుతాయి, వీళ్లు ఎక్కుతారు. ఈ మాట నిలబెట్టుకున్నందుకు దిబ్బ మీది పిల్లలకి ఏడాది పొడుగునా గేదెపెరుగు ముంతలు వచ్చేవి.

కార్తీకంలో ఆ రోజు పొద్దున్నే రెండో జెండా ఎగిరింది. మోర్జినా మాత్రం తన ఇల్లు విప్పలేదు.

మోర్జినా ఎవరో కాదు, ఊరి తుఫాను దళంలో హెచ్చరికలు చెప్పే మనిషి. చేతి సైరనూ, మైకూ ఆవిడ దగ్గరే ఉంటాయి. మొగుడు ఢాకాలో రిక్షా తొక్కుతాడు. ఊళ్లో ఎవరూ పేరుపెట్టి పిలవరు, కూతురి పేరుతో పారుల్ అమ్మా అంటారు. ఆ పొద్దున కూడా కరకట్ట పొడుగునా నడిచి, మైకులో గొంతు పోయేలా చెప్పొచ్చింది. రెండో జెండా పడింది, బియ్యం, విత్తనాలు ప్లాస్టిక్ సంచిలో కట్టి నేలలో పూడ్చండి, అటుకులూ బెల్లం మూటకట్టుకోండి, గర్భిణులూ బాలింతలూ ముసలివాళ్లూ మూడో జెండా కోసం చూడొద్దు, ఇప్పుడే షెల్టరుకి నడవండి. ఇదంతా చెప్పి, దిబ్బ ఎక్కి, తన గుమ్మం ముందు ఆగిపోయింది.

గుమ్మం దగ్గర కుండపెంకులో నిప్పు రాజుకుంటోంది. పురిటిగది నిప్పు అది. లోపల పారుల్, తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిన పిల్ల, పక్కన గుడ్డల్లో చుట్టిన పసికందు. ఏడోనాటి స్నానం ఇంకా కాలేదు. కాన్పు కష్టమైంది. పడవలో మంత్రసానిని తెచ్చేలోపు పారుల్‌కి సగం ప్రాణం పోయింది. ఇంకా రక్తం ఆగలేదు, లేచి నాలుగడుగులు వేస్తే కళ్లు తిరుగుతున్నాయి.

ఆ గోడ ఊడదీయాలి ఇప్పుడు.

పక్కింటి జొమిలా ఖాలా, ఊరందరికీ పిన్నమ్మ వరస, తన గుమ్మంలో కూర్చుని తమలపాకు నములుతూ ఇటే చూస్తోంది. ఆవిడ నోటికి భయపడి దారికి ఎవరూ అడ్డం రారు.

"ఏమే పారుల్ అమ్మా," అంది. "బాలింతలు ముందు నడవండి, ముందు నడవండి అని అరిచొచ్చావు. ఆ మైకు మీ ఇంటివైపు తిప్పలేదా?"

"చూస్తున్నా ఖాలా."

"చూడు చూడు. నువ్వు చూస్తుంటే మేమూ చూస్తుంటాం. నువ్వు విప్పితే మేమూ విప్పుతాం. నా నడుముకైతే నువ్వు విప్పకపోతేనే హాయి."

అవతల హాలిమ్ తన కప్పుకేసి చూసుకుంటున్నాడు. ముగ్గురు పిల్లల తండ్రి, చేపల వేటకి కూలికి పోతాడు.

"ఈ యేడు ఇది మూడోసారి భాబీ," అన్నాడు. "విప్పు, కట్టు. విప్పు, కట్టు. నాది ఇల్లు కాదు, సంతలో దుకాణం. విప్పినప్పుడల్లా మేకుల బెజ్జాలు పెద్దవవుతున్నాయి. వానొస్తే బయటికన్నా లోపలే ఎక్కువ కురుస్తోంది. పోయిన నెల విప్పాం కదా, ఏం వచ్చింది? కప్పలు కూడా నవ్వాయి."

అతనన్నది అబద్ధం కాదు. బొయిశాఖ్ నెలలో ఒకసారి విప్పారు, తుఫాను సుందరబన్స్ అడవుల మీదికి పోయింది. పోయిన నెల మళ్లీ విప్పారు, సముద్రంలోనే చచ్చింది. శిక్షణలో చెప్పిన మాట మోర్జినాకి గుర్తే. సముద్రం ఇదివరకటి సముద్రం కాదు, వేడెక్కింది, ఇప్పుడు ప్రతి అల్పపీడనాన్నీ అనుమానించాల్సిందే, ఊరికే పోయేవి పోతాయి, పెరిగేవి మాత్రం చూస్తుండగా పెరుగుతాయి అన్నారు. ఆ మాట ఆవిడే ఊళ్లో పదిమందికి చెప్పింది. కానీ వట్టి జెండాలకి ఇల్లు విప్పీ విప్పీ అలసిపోయినవాళ్లకి ఆ మాట ఎక్కదు. తనకే ఎక్కడం లేదు ఇప్పుడు.

షెల్టరంటే ఊరి కాలవ మీది వెదురు వంతెన దాటి అవతల బడి. పోయిన నెల రెండు రాత్రులు అక్కడే పడి ఉన్నారు. ఆడవాళ్లకి ఒక్కటే మరుగుదొడ్డి, దానికీ తలుపు లేదు. మెట్లమీద కూడా మనుషులే. ఈ పిల్లని, ఈ స్థితిలో, వట్టి జెండాకి తీసుకుపోయి అక్కడ పడేయడమా?

నాసిర్ మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన దళం పెద్ద, బడిలో లెక్కలు చెబుతారు.

"తిరగొచ్చు అంటున్నారమ్మా ఒడిశా వైపు," అన్నారాయన. "తిరక్కపోవచ్చు కూడా. ఎవరికీ ఏ భరోసా ఇవ్వకు. రెండో జెండాకి చెయ్యాల్సింది చెయ్యి."

"అలాగే మాస్టారూ," అంది. ఫోన్ కొంగున కట్టుకుని గుమ్మంలో నిప్పు ఎగదోసింది.

సరిగ్గా అప్పుడే గొలాప్ మియా వచ్చాడు. లుంగీ మోకాళ్ల పైకి కట్టి, నడుం దాకా తడిసి, చేతిలో కర్రతో పాయ ఈది వచ్చాడు. గడ్డిలంకలోనే పాక వేసుకుని ఉంటాడు. మందలో ఎక్కువ గేదెలు పట్నంలో ఉండే యజమానులవి, అతనివి కొన్నే. మనిషి కోపగించడం ఎవరూ చూడలేదు. దిబ్బ సగం ఎక్కి ఆగి, నిలబడి ఉన్న ఇళ్లన్నిటినీ ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు.

"ఇదేంటి పారుల్ అమ్మా, నాకు జెండాలు రెండు కనపడ్డాయే? నా కళ్లకేమైనా దోషమా?"

"రెండే భాయ్."

"మరి?"

అతను వెనక్కి తిరిగి పాయకేసి చెయ్యి చూపించాడు.

"పాటు మొదలైంది. నీళ్లు దిగుతున్నాయి. దూడలు దాటాలంటే ఇప్పుడే దాటాలి. మళ్లీ పోటు ఎత్తిందంటే పెద్దవి ఈదుతాయి గాని దూడల్ని నేను నీళ్లలోకి దింపలేను. కొట్టుకుపోతాయి."

లోపల పసిపిల్ల ఏడ్చింది. సన్నగా, పిల్లి కూన అరిచినట్టు. గొలాప్ మొహం మారిపోయింది.

"పుట్టిందా! నాకెవరూ చెప్పలేదే. ఆడా, మగా?"

"ఆడపిల్ల."

"అల్లా చల్లగా చూడాలి. తల్లికి పాలు పడుతున్నాయా? పెరుగు పంపిస్తా, చిక్కటిది. పారుల్‌కి చిన్నప్పుడు నా ముంత కనపడితే చాలు, గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చేది." గుమ్మంలో నిప్పు చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. గొంతు తగ్గించాడు. "ఓ. అదా సంగతి."

అతను నిలదీసి ఉంటే బాగుండేది. కట్టుబాటు ఏమైంది అని అరిచి ఉంటే, ఆవిడ లేచి రేకులు విప్పేదేమో. అతను తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఆ నిలబడడం చూడలేకపోయింది మోర్జినా.

"భాయ్, తుఫాను ఒడిశా వైపు తిరుగుతోందంట," అంది. "ఇప్పుడే నాసిర్ మాస్టారితో మాట్లాడాను."

"తిరుగుతోందన్నారా?"

"అన్నారు. ఒకవేళ మూడో జెండా పడితే గంటలో అందరం విప్పేస్తాం. నువ్వు కాస్త ఆగు."

గొలాప్ ఆకాశం చూశాడు. ఎండ కాస్తోంది. ఆకు కదలడం లేదు.

"పొద్దున్న పాయలో దిగితే నీళ్లు గోరువెచ్చగా తగిలాయి," అన్నాడు. "కార్తీకంలో చలికి పళ్లు కొట్టుకోవాలి. గేదెలు గడ్డి ముట్టలేదు, అన్నీ దక్షిణం వైపు తిరిగి నిలబడ్డాయి. నాకు మనసు బాగోలేదు." కర్ర నేలకి ఆనించాడు. "అయినా నాకేం తెలుసులే. సైరన్ నీ చేతిలో ఉంది. పోయిన నెల ఊరికే దాటించి ఒక దూడని పాయకి ఒప్పజెప్పా, దాని తల్లి వారం రోజులు అరిచింది. నువ్వు తిరుగుతోందంటే తిరుగుతోందనే. ఆగుతా."

కర్ర భుజాన వేసుకుని దిగిపోయాడు. దిబ్బ మీద ఇళ్లలో ఆ మాట గాలికన్నా ముందు పాకింది. తిరుగుతోందంట, పారుల్ అమ్మ చెప్పింది. హాలిమ్ తెచ్చిన సుత్తి మళ్లీ చూరులో దోపాడు. జొమిలా ఖాలా పొయ్యి వెలిగించింది.

"అమ్మా," అంది లోపల్నుంచి పారుల్. "నిజంగా తిరుగుతోందా?"

"తిరుగుతుంది. పడుకో."

నాసిర్ మాస్టారు తిరగొచ్చు అన్నారు. తను తిరుగుతోంది అంది. ఎంత తేడా ఉంది అందులో, పెద్ద తేడా ఏముంది, అని అన్నం వారుస్తున్నంతసేపూ తనకి తను చెప్పుకుంది. ఆ ధ్యాసలో గంజి పాదం మీద పోసుకుంది.

మధ్యాహ్నం దాటాక దక్షిణాన ఆకాశం ఇత్తడి రంగుకి తిరిగింది. పాయలో నీళ్లు దిగడం ఆగి, వేళకన్నా ముందే ఎక్కడం మొదలుపెట్టాయి. కరకట్ట మీది కుక్కలన్నీ బడివైపు పోతున్నాయి. ఫోన్ మోగింది.

"పది," అన్నారు నాసిర్ మాస్టారు. ఆయన గొంతు ఎప్పుడూ అలా వినలేదు. "పదో నంబరు మహాప్రమాద సిగ్నల్ పడింది. తిరగలేదమ్మా, సూటిగా మన మీదికే. నిన్న చీకటిపడేదాకా వట్టి వాయుగుండం, ఒక్క పూటలో పెను తుఫాను అయి కూచుంది. మూడో జెండా ఎగరేస్తున్నా. సైరన్ తిప్పు. దిబ్బ ఖాళీయే కదా?"

ఆవిడ ఫోన్ పెట్టేసి సైరన్ పిడి పట్టుకుంది.

సైరన్ తిప్పుతూ కరకట్టమీద పరుగెత్తింది. తిరిగి దిబ్బ ఎక్కేసరికి వాన సూదుల్లా దిగుతోంది. హాలిమ్ ఇద్దరు పిల్లల్ని చంకలకెత్తుకుని, మూడోవాణ్ని పెళ్లాం వీపుకి కట్టి దిగుతున్నాడు.

"హాలిమ్! రేకులు!"

"రేకులా?" అన్నాడు ఆగకుండానే. "భాబీ, పిల్లల్ని దాటించనీ ముందు. రేకులు విప్పే గంట నువ్వు పొద్దున్నే తీసేసుకున్నావు."

అతను వెటకారానికి అనలేదు. ఉన్నమాట అన్నాడు. ఒక్కొక్క ఇల్లే తలుపు తీసినట్టే ఉంచి దిగిపోతోంది.

పారుల్ గుమ్మంలో గుంజ పట్టుకుని నిలబడి ఉంది. జొమిలా ఖాలా ఎప్పుడు వచ్చిందో, పెళ్లిళ్లకి వాడే పెద్ద అల్యూమినియం గిన్నెలో గుడ్డలు పరిచి పసిపిల్లని పడుకోబెట్టింది, పైన ప్లాస్టిక్ కాగితం కప్పింది.

"నా నడుం సంగతి తరువాత చూసుకుందాం," అంది గిన్నె నెత్తికెత్తుకుంటూ. "నడువే పారుల్, నా కొంగు పట్టుకో. వదిలావో చంపుతా. నువ్వు రావేం, పారుల్ అమ్మా?"

"మీరు పదండి. వెనకే వస్తా."

వాళ్లు వంతెన చేరేదాకా చూసింది. తరువాత హాలిమ్ ఇంటి చూరులోంచి సుత్తి లాగి తన ఇంటి రేకుల మీద పడింది. మేకులు తుప్పుపట్టి ఊడి రావు. గోళ్లు చిట్లాయి. గోడలు పడ్డాయి, కప్పు రేకులు ఒక్కొక్కటే జారాయి. వాటిమీదికి మట్టి బస్తాలు దొర్లించింది. పురిటినిప్పు వానకి బుస్సుమని ఆరిపోయింది. పక్కన జొమిలా ఖాలా ఇంటికి వెళ్లి దాని వెనక గోడ కూడా సగం ఊడదీసింది. మిగతావి అలాగే ఉన్నాయి, గాలికి డబ్బాల్లా మోగుతూ.

అప్పుడు వచ్చాయి గేదెలు. పాయలోంచి నల్లటి తలలు పైకి, ముక్కులు గాలికెత్తి, ఒకదాని వెనక ఒకటి. వెనకాల గొలాప్ ఒకదాని తోక పట్టుకుని ఈదుతున్నాడు. ముందరి గేదె, మంద పెద్ద, దిబ్బ సగందాకా ఎక్కి ఆగిపోయింది. ఎప్పుడూ ఇక్కడ ఖాళీ గుంజలు చూసిన గొడ్డు అది. ఇప్పుడు ఎదురుగా రేకులు దడదడలాడుతున్నాయి. అడుగు వెయ్యదు. వెనకవి వచ్చి దాన్ని గుద్దుకుంటున్నాయి.

"ఇటు తోలు భాయ్! ఇటు, నా ఇంటి మీదికి!"

గొలాప్ కర్రతో అదిలించి కొన్నిటిని ఆవిడ విప్పిన చోటుకి మళ్లించాడు. అవి ఎక్కి, పరిచిన రేకుల పక్కన ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఆ చోటు అంతే పట్టింది. మిగతావి దిబ్బ అంచుమీద, ఇళ్ల సందుల్లో ఇరుక్కుని రొప్పుతున్నాయి.

"దూడలు?" అంది మోర్జినా.

అతను వెనక్కి చూశాడు. అవతలి ఒడ్డున, వానలో, దూడల గుంపు చుక్కల్లా కనపడుతోంది. గాలి కాస్త ఆగినప్పుడల్లా వాటి అరుపు ఇక్కడికి వినిపిస్తోంది. ఈనిన గేదెలకీ వినపడింది. ఒకటి దిబ్బ దిగడం మొదలుపెట్టింది. దాని వెనక ఇంకోటి. గొలాప్ అడ్డం వెళ్లి మొహాన కొట్టాడు, కొమ్ములు పట్టుకుని వేలాడాడు. అది అతన్ని ఊడ్చుకుంటూ నీళ్లలోకి దిగిపోయింది.

"వెళ్లకు భాయ్! వదిలెయ్!"

"తల్లులు ఆగవు," అని అరిచాడు. "నువ్వు పో. చంటిపిల్ల ఉంది నీకు. పో!"

అదే ఆవిడ విన్న చివరి మాట. కాలవ మీద వంతెన అప్పటికే ఊగిపోతోంది. చేతులతో పాకి దాటింది.

షెల్టరు పైఅంతస్తులో మనిషి పక్కన మనిషి, కాలు చాపే చోటు లేదు. పారుల్ గోడకి ఆనుకుని కూచుంది, కింద చాప అంతా ఎర్రగా తడిసింది. జొమిలా ఖాలా చుట్టూ చీరలు అడ్డంకట్టి, మగవాళ్లని తిడుతూ అటు తిరగమంటోంది. పసిపిల్ల గిన్నెలో నిద్రపోతోంది. సాయంత్రానికి ఉప్పెన వచ్చింది. కింద బడి గదుల్లో బల్లలు గోడలకి కొట్టుకోవడం వినిపించింది, తరువాత ఆ చప్పుడు కూడా నీళ్లలో మునిగిపోయింది. మెట్ల కిటికీ దగ్గర నిలబడ్డ హాలిమ్, "రేకులు లేచిపోతున్నాయి," అన్నాడు. గాలిలో ఒక రేకు ఏం చేస్తుందో అక్కడ అందరికీ తెలుసు. మెడలు కోసేస్తుంది.

"గొలాప్ మామ ఎక్కడమ్మా?" అంది పారుల్.

మోర్జినా కూతురి పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ ఉండిపోయింది.

మర్నాడు నీళ్లు తీశాక, పారుల్‌నీ పసిపిల్లనీ పైనే ఉంచి మిగతావాళ్లు దిగారు. ఊళ్లో మనుషులు ఎవరూ పోలేదు. నాసిర్ మాస్టారు తలలు లెక్కపెట్టుకుని, అల్లాకి చెప్పుకుని, కళ్లు తుడుచుకున్నారు. ఇదివరకటి తుఫానుల్లో ఇంత నీటికి సగం ఊరు పోయేది. ఆ మాట ఆయన పదేపదే అంటున్నారు, అది నిజం కూడా.

దిబ్బ మీద మాత్రం మోర్జినా విప్పిన చోట కొన్ని గేదెలు బురద కొట్టుకుని, బతికి, నిలబడి ఉన్నాయి. ఆ చోటు దాటితే బతికినది లేదు. ఇళ్ల సందుల్లో పడి ఉన్నవాటి మెడల్లో, కడుపుల్లో రేకులు దిగి ఉన్నాయి. హాలిమ్ ఇంటి కప్పు ఒకదాని వీపులో నిలువునా నాటుకుంది. హాలిమ్ దాన్ని గుర్తుపట్టి, మేకుల బెజ్జాలు చూసి, పక్కకి పోయాడు.

గొలాప్ బతికే ఉన్నాడు. కొమ్ములు పట్టుకున్న గేదె అతన్ని ఎక్కడికో ఈడ్చుకుపోయి మడచెట్లలో వదిలిందట. కాళ్లు చీరుకుపోయి, ఒంటిమీద గోచీ తప్ప ఏమీ లేకుండా, పొద్దెక్కాక బురదలో నడుచుకుంటూ వచ్చాడు. బతికినవాటిలో ఒకటి పొదుగు బిగిసి అరుస్తోంది. దాని కింద కూచుని పాలు నేలమీదికే పిండేశాడు. గిన్నె లేదు, అడగలేదు. దాని దూడ దిబ్బ కింద ఒండ్రులో పడి ఉంది, నీళ్లు తెచ్చి అక్కడే వదిలాయి.

పట్నంనుంచి యజమానులు నాసిర్ మాస్టారి ఫోన్‌కి చేశారు. ఆయన తెచ్చి గొలాప్ చేతిలో పెట్టారు.

"అయ్యా," అన్నాడు గొలాప్. "దూడ ఒక్కటీ మిగల్లేదు... అవును, పద్ధతైతే పొద్దున పాటుకే దాటించాలి. సైరన్ ఆవిడ తుఫాను తిరుగుతోందని చెప్పింది, ఆగాను... లేదయ్యా, ఆవిడ మంచి మనిషే. ఆవిడ చెప్పింది, నేను విన్నాను. అంతే."

కోపం లేదు అందులో. జరిగింది జరిగినట్టు చెప్పి ఫోన్ ఇచ్చేశాడు. నాసిర్ మాస్టారు మోర్జినా వైపు తిరిగారు.

"నేను తిరగొచ్చన్నాను," అన్నారు.

"అన్నారు మాస్టారూ."

"తిరక్కపోవచ్చనీ అన్నాను."

"అదీ అన్నారు."

"ఆ రెండో ముక్క అతనికి చెప్పలేదా?"

"చెప్పలేదు."

ఆయన సైరన్ ఇచ్చెయ్యమని అనలేదు. అలా అన్నా ఆవిడకి తేలికయ్యేది.

జొమిలా ఖాలా వచ్చి మోర్జినా భుజం మీద చెయ్యేసింది. "ఊరుకో. నువ్వొక్కదానివేనా? మేమందరం విప్పలేదు." అని, అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి కాబట్టి, మళ్లీ అంది. "నువ్వు విప్పుంటే విప్పేవాళ్లమనుకో."

గొడ్లని పూడ్చాలి. ఎండ వస్తే ఊరంతా జబ్బులే. మగవాళ్లు పొలాల్లో పారలు దింపి చూశారు, మోకాలి లోతుకే ఉప్పునీరు ఊరుతోంది. గుంట నిలవడం లేదు. ఎండిన నేల దిబ్బ మీద ఒక్కచోటే ఉంది, అదీ మోర్జినా ఇంటి అరుగు. ఆవిడ వెళ్లి పార తెచ్చి, పురిటినిప్పు పెట్టిన చోట మొదటి వేటు వేసింది.

"ఇక్కడ తవ్వు భాయ్," అంది. "ఆ దూడని, దాని తల్లి చూస్తుండగా నీళ్లలో వదలొద్దు. ఇక్కడ పెట్టు. నా ఇంటి నేల ఇది, నేనిస్తున్నా."

గొలాప్ వచ్చి పార పిడి పట్టుకున్నాడు. లాక్కోలేదు, ఆపాడంతే.

"వద్దు పారుల్ అమ్మా. తవ్వితే నేల మెత్తబడుతుంది. మళ్లీ గాలి వచ్చినప్పుడు గొడ్లు నిలబడాల్సింది ఇక్కడే. గుంట తీసిన నేలలో గేదె కాళ్లు దిగబడిపోతాయి, విరుగుతాయి."

"మళ్లీ వస్తావా నువ్వు? మందతో?"

"మంద ఎక్కడుంది?" అన్నాడు. "నేను కాకపోతే ఇంకెవడో వస్తాడు. గడ్డి ఉంది కదా అవతల, ఎవడో ఒకడు తోలుకొస్తాడు. వాడికి ఈ దిబ్బ కావాలి." నేలవైపే చూస్తూ అన్నాడు. "నువ్వు కూడా ఇక్కడ మళ్లీ కట్టకు. నీ దగ్గర సైరన్ ఉంది. నీ ఇల్లు దిబ్బ మీద ఉంటే నీకు జెండా సరిగ్గా కనపడదు."

"ఎక్కడ కట్టుకోను మరి?"

గొలాప్ తలెత్తి చుట్టూ చూశాడు, నిజంగా ఆవిడకోసం ఒక చోటు వెతుకుతున్నట్టు. కరకట్ట తెగిన చోటు చూశాడు. పొలాలు చూశాడు, అవి ఇంకా సముద్రంలాగే ఉన్నాయి. మేఘనా నీళ్లకేసి చూశాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

ఇద్దరూ దిబ్బ దిగారు. దూడ వెనక కాళ్లు చెరొకటి పట్టుకుని ఒండ్రులో ఈడ్చుకుంటూ పాయ ఒడ్డుకి తెచ్చారు. పైన తల్లి అరుస్తూనే ఉంది. పోటు ఇంకా ఎత్తులోనే ఉంది, ఇప్పుడు వదిలితే దూడ మళ్లీ ఊళ్లోకే వస్తుంది. పాటు మొదలవ్వాలి. గొలాప్ బురదలో కూచున్నాడు. మోర్జినా కాస్త దూరంగా, దూడకి అవతలి పక్కన కూచుంది.